పదకొండులో నలుగురు పోగా

ఆ శుక్రవారం పొద్దున జైరా చేసిన ఆఖరు పని పేక సర్దడం.

రొట్టెల కొట్టుకి వెళ్ళి సాయంత్రానికి కావలసినవి చెప్పి వచ్చింది. మంచుకి తడిసిన కోటు తలుపు వెనక తగిలించి వంటింటి బల్ల ముందు కూర్చుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పేక మొత్తం బల్ల మీద పరిచి, చిన్న అంకెల ముక్కలు ఒక్కొక్కటీ ఏరి బిస్కెట్ల డబ్బాలో వేసింది. మిగిలినవాటిని బల్లకేసి తట్టి సమంగా చేసి, రబ్బరు బ్యాండు చుట్టి, కిటికీ గట్టు మీద రేడియో పక్కన పెట్టింది. కోడలు ఒర్నెల్లా తొట్టి దగ్గర ఆకుకూర కడుగుతోంది. అటు తిరిగి చూడలేదు. ప్రతి శుక్రవారం జరిగేదే కదా, చూడడానికేముంది?

"మలుగు చేప డబ్బా ఇప్పుడే తీసి బయట పెట్టు," అంది జైరా. "చల్లగా తింటే ఈవోకి పళ్ళు జివ్వుమంటాయి."

"ఆయనకి పళ్ళెక్కడివి అత్తయ్యా?"

"ఉన్న రెండూ జివ్వుమంటాయి."

భోజనం చేశాక కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళింది. నాలుగు గంటలకి ఆవిడతో పేకాడే మగవాళ్ళు ముగ్గురూ వైను సీసా పట్టుకుని తలుపు తట్టారు. ఆవిడ లేవలేదు. నిద్రలోనే పోయింది. ఇంకో వారానికి డెబ్బై ఆరు నిండేవి. "ఒక్క ముక్క కూడా మార్చుకోకుండా లేచి వెళ్ళిపోయింది వదిన," అన్నాడు ఈవో, టోపీ చేతిలో నలుపుకుంటూ.

జైరా ఇటలీలోని ఈ కొమాక్కియోలోనే పుట్టింది, కాలవకీ కాలవకీ మధ్య ఉన్న సందులో. పన్నెండో ఏట, పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపలు ఊరబెట్టే కార్ఖానాలో చేరింది. శీతాకాలం వస్తే ఉప్పునీటి సరస్సు గట్ల మీది నుంచి చేపలు పడవల నిండా వచ్చేవి. వాటిని ముక్కలు కోసి, ఇనప చువ్వలకి గుచ్చి, గోడంత పొయ్యి ముందు తిప్పుతూ కాల్చి, వెనిగర్లో ముంచేవాళ్ళు. ముప్పై ఏళ్ళ పాటు ఆ చువ్వలు గుచ్చింది. ఆ తర్వాత కూడా ఆవిడ గుమ్మంలోకి వస్తే వెనిగరూ బిరియానీ ఆకూ కలిసిన వాసన ముందొచ్చేది. పెళ్ళాడిన ఒరెస్తె పడవలకి తారు పూసేవాడు. పిల్లాడు ఒక్కడే, వాస్కో. ఆవిడ గురించి ఊళ్ళో ఎవరినడిగినా ఇంతవరకే చెబుతారు. ఆ తర్వాత తప్పకుండా ఇంకో మాట కలుపుతారు: "ముక్కలు పట్టుకుంటే మాత్రం ఆవిడ మొహం మూసిన కిటికీ."

అసలు ఆ బల్ల ఒరెస్తెది. ప్రతి శుక్రవారం నాలుగింటికి అతనూ, మంగలి ఈవో, సైకిళ్ళు బాగుచేసే లెయార్కో, చేపల గట్ల మీద కాపలా కాసే గ్వెర్రీనో ఆ వంటింట్లో పోకరు ఆడేవాళ్ళు. సినిమాల్లో కనిపించే పోకరు కాదు. ఇక్కడి ఇళ్ళల్లో ఆడేది. తలా అయిదు ముక్కలు పంచుతారు, అక్కర్లేనివి పడేసి కొత్తవి తీసుకుంటారు. పందేనికి ఎండు చిక్కుడు గింజలు. ఓడినవాడు మళ్ళీ వారం వైను తేవాలి, అంతే. కూర్చున్నవాళ్ళకి తలా ఒక రొట్టె. రెండు మెలికలు నడుం దగ్గర అతుక్కుని నాలుగు కొమ్ములున్నట్టుండే ఆ రొట్టెని ఈ పక్క జత అంటారు. పేకలో రెండు ఒకేలాంటి ముక్కలు పడితే దాన్నీ జతే అంటారు. "జత ఉందా?" అని ఎవరైనా అడిగితే "తినేదా, ఆడేదా?" అనడం ఆ బల్ల దగ్గర పాత జోకు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకే జత. వడ్డించేవాళ్ళు ఆట అయ్యాక ఇంట్లో మిగిలిన రొట్టె తినేవాళ్ళు. ఒరెస్తె బతికి ఉన్నన్నాళ్ళూ వడ్డించింది జైరానే.

వడ్డిస్తూనే నేర్చుకుంది. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పలేదు. గ్లాసులో వైను పోయాలంటే భుజం మీంచి వంగాలి కదా. వంగినప్పుడల్లా ఒక చేతి ముక్కలు కనపడేవి. ఆ చేతికి ఆ మనిషి ఏం చేశాడో కూడా కనపడేది.

ఒరెస్తె పోయాక ముగ్గురు మిగిలారు. ఈ ఆటలో ఒక లెక్క ఉంది: పదకొండులోంచి ఆడేవాళ్ళ సంఖ్య తీసేస్తే ఎంత మిగులుతుందో ఆ ముక్క నుంచే పేక మొదలవుతుంది. నలుగురైతే ఏడు నుంచి ఆసు వరకు. ముగ్గురైతే ఎనిమిది నుంచి. అప్పుడు పేక మరీ పలచబడిపోతుంది. ప్రతివాడి చేతిలోనూ ఏదో ఒక మంచి ముక్క పడుతుంది, బుకాయించడానికి చోటే ఉండదు. అంచేత ముగ్గురూ ఒక శుక్రవారం టోపీలు తీసి వచ్చి, ఇక బల్ల ఎత్తేద్దామని చెప్పబోయారు. పేక అప్పటికే సర్ది బల్ల మధ్యన పెట్టి ఉంది. ఒరెస్తె కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. లెయార్కో రబ్బరు బ్యాండు తీసి చూశాడు. అడుగున ఏడు ఉంది.

"వదినా, నువ్వు ముప్పై ఏళ్ళుగా మా ముక్కలు చూస్తున్నావు కదా!" అని అప్పుడు తట్టింది గ్వెర్రీనోకి.

"చూడకపోతే వైను మీ చొక్కాల మీద పోసేదాన్ని," అంది జైరా. "పంచు."

కోడలు ఒర్నెల్లాది నదికి అవతల ఊరు. కొమాక్కియోకి వచ్చి పదేళ్ళు దాటినా సందులో అందరూ ఆమెని "అవతలి పిల్ల" అనే అనేవాళ్ళు. వాస్కో లారీ మీద జర్మనీ వెళ్తే వారం చివరికి గానీ రాడు. శుక్రవారం సాయంత్రం వైను పోసే పని ఆమెది. అత్తగారు వంగినట్టే ఆమె కూడా వంగేది. కానీ ఆమెకి ఏమీ అర్థమయ్యేది కాదు. నలుగురూ గొల్లున నవ్వితే ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. ఎవరైనా ఒక ముక్క పడేసి "బయట వాన" అంటే మిగతావాళ్ళు తలలు పట్టుకునేవాళ్ళు. కిటికీలోంచి చూస్తే వాన ఉండేది కాదు.

ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. ఊరు తనని మనిషిగా లెక్కపెట్టే చోటు ఆ కుర్చీయే అని ఎందుకో ఆమెకి గట్టిగా అనిపించింది. ఒకరోజు ధైర్యం చేసి అడిగేసింది.

"నాకు నేర్పుతారా అత్తయ్యా?"

జైరా చిక్కుడు గింజల సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. "గురువారం మధ్యాహ్నాలు. ఇస్త్రీ ముందు ముగించుకో."

ఇద్దరే ఆడితే పేక తొమ్మిది నుంచి మొదలవుతుంది, అది ఆట కాదు, అందుకని జైరా నాలుగు చేతులకీ పంచేది. ఒకటి ఒర్నెల్లాది. మిగతా మూడూ తనవి.

"ఇప్పుడు నేను ముగ్గురు మగాళ్ళని," అనేది. "నువ్వు ఒక్కదానివి. జాగ్రత్త."

ఒక చెయ్యి ఆడేటప్పుడు మెడ సాచి ఆపకుండా వాగేది. అది ఈవో. రెండో చెయ్యికి ముక్కుతో బుసకొట్టేది, గ్వెర్రీనో. మూడో చెయ్యి పట్టుకుంటే వేళ్ళకి గ్రీజు ఉన్నట్టు ముందు వాటిని ఏప్రానుకి తుడుచుకునేది, లెయార్కో. ఒర్నెల్లాకి మొదట నవ్వాగేది కాదు. తర్వాత తర్వాత అత్తగారు గొంతు మార్చగానే నిజంగానే ఎదురుగా ఆ మనిషి ఉన్నట్టు ఉండేది.

"ఆట తెరవాలంటే, అదే, మొదటి పందెం కట్టాలంటే, బట్టలేసుకున్న జత ఉండాలి," అంది మొదటి గురువారం.

"అంటే?"

"జాకీల జత, లేదా అంతకంటే పైది. జాకీ, రాణి, రాజు బట్టలేసుకుని ఉంటారు కదా. ఆసుకి బట్టల్లేకపోయినా దాని దర్జా దానిది. పదుల జత పట్టుకుని తెరిచావనుకో, చలికాలంలో చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళినట్టు."

"మరి ఆఠీను రాణీ, డైమను రాణీ ఒకేసారి ఇద్దరి దగ్గర ఉంటే?"

"బయట వాన పడేటప్పటిలా."

ఒర్నెల్లా కిటికీ వంక చూసింది.

"అటు కాదు. మన ఇటాలియన్‌లో ఆ మాట అక్షరాలు చూడు. ఆఠీను, డైమను, కళావరు, ఇస్పేటు, వీటి ఇటాలియన్ పేర్లు ఏ అక్షరాలతో మొదలవుతాయో, వరసగా అవే వస్తాయి. ముందొచ్చింది పైది. ఆఠీను అన్నిటికన్నా పైన, ఇస్పేటు అట్టడుగున."

"వాన పడకపోతే?"

"పడకపోయినా ఆఠీనే పైన. ఇది కొమాక్కియో, ఎలాగూ పడుతుంది."

ఇలా ఒక్కొక్కటీ. అయిదు ముక్కలూ ఒకే రంగువి, అంటే అన్నీ ఆఠీన్లో అన్నీ ఇస్పేట్లో పడితే, మూడు ఒకేలాంటివీ రెండు ఒకేలాంటివీ కలిసిన చేతిని కొడుతుంది. చిన్న పేకలో ఒక్కో రంగుకీ ఎనిమిది ముక్కలే ఉంటాయి కాబట్టి రంగు కట్టడం కష్టం. ఎదుటివాడు ఎన్ని మార్చుకుంటున్నాడో లెక్కపెట్టుకోవాలి. మూడు మార్చుకున్నవాడి దగ్గర ఒక జత ఉంది. రెండు మార్చుకుంటే మూడు ఒకేలాంటివి ఉన్నాయేమో. ఒకటే మార్చుకుంటే అక్కడ ఆలోచించాలి: రెండు జతలున్నాయా, లేక రంగుకో వరసకో ఒక ముక్క తక్కువైందా?

"లెయార్కోని చూడు," అని చేతులు ఏప్రానుకి తుడుచుకుంది జైరా. "రంగు కోసం ఒక్క ముక్క తీసుకున్నాడనుకో, దాన్ని మిగతావాటి వెనక పెట్టి, మూల నుంచి వెంట్రుకవాసి వెంట్రుకవాసి లాగుతాడు. ఎరుపా, నలుపా అని. రెండు జతలున్నప్పుడైతే ఊరికే తిప్పి చూసేస్తాడు. ఈవో నోరు మూశాడంటే చేతిలో ఏదో పడింది. గ్వెర్రీనో బుస ఆగిందంటే బుకాయిస్తున్నాడు. నీ ముక్కలు నువ్వు ఎప్పుడైనా చూసుకోవచ్చు, ఎక్కడికీ పోవు. వాళ్ళు వాళ్ళ ముక్కలు చూసుకునేటప్పుడు వాళ్ళని చూడు."

"మరి నేను ఎలా కనపడతాను?"

"నువ్వా? మంచి ముక్కలు పడితే నీకు ఇంటి పని గుర్తొస్తుంది. పొయ్యి మీద ఏమైనా మాడుతోందేమోనని లేస్తావు." ఒర్నెల్లా సగం లేచి ఉంది అప్పుడు. "పొయ్యి మీద ఏమీ లేదు. నీ చేతిలో ఉంది. కూర్చో."

అత్తగారికి అన్నిటికంటే ఇష్టమైన నియమం ఒకటుంది. ఒకే రంగులో వరసగా అయిదు ముక్కలు పడితే దాన్ని మించింది లేదంటారు. అందులో మళ్ళీ మూడు రకాలు: పది నుంచి ఆసు దాకా వెళ్ళే పెద్దది, ఆసుని అడుగున పెట్టుకుని ఏడుతో మొదలయ్యే చిన్నది, ఈ రెండిటికీ మధ్యది. పెద్దది మధ్యదాన్ని కొడుతుంది. మధ్యది చిన్నదాన్ని కొడుతుంది. చిన్నది పెద్దదాన్ని కొడుతుంది.

"ఇదేం న్యాయం?" అంది ఒర్నెల్లా.

"న్యాయమే. తోక నోట్లో పెట్టుకున్న మలుగు చేపలా గుండ్రంగా ఉంటుంది. నలభై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా అలా జరగడం చూడలేదు. కానీ ఆ నియమం ఒకటుందని తెలిస్తే, ఎంత పెద్ద ముక్కలు పట్టుకున్నవాడైనా కాస్త నోరు దగ్గర పెట్టుకుంటాడు."

ఆ గురువారాలు ఒర్నెల్లాకి ఎంత బాగుండేవో! బయట మంచు గోడలా దిగి, కాలవ అవతల ఇళ్ళు కూడా కనపడేవి కాదు. లోపల పొయ్యి వెచ్చగా, గింజలు బల్ల మీద గలగలమంటూ, అత్తగారు ముగ్గురు మగాళ్ళుగా మారి ముగ్గురి తరఫునా తనని తిడుతూ ఉండేది. ఇస్త్రీ బట్టలు అలాగే కుప్పగా ఉండిపోయేవి. వాస్కో ముడతల చొక్కాతో జర్మనీ వెళ్ళేవాడు.

కానీ ఒక్క దగ్గర ఒర్నెల్లా ప్రతిసారీ బోల్తా పడేది. రాజుల జత వస్తే వదల్లేకపోయేది. ఎదుటివాడు ముక్కలు మార్చుకోనక్కర్లేదన్నా సరే, ఆ రాజుల్ని పట్టుకుని గింజలన్నీ తోసేసేది. ముక్కలేమీ మార్చుకోను, ఉన్నవి చాలు అనడానికి ఈ ఆటలో "వడ్డన అయింది" అంటారు. అంటే అయిదు ముక్కలూ పంచినప్పుడే చేతిలో కుదిరిపోయాయని. నిజంగా కుదిరినవాడూ అదే అంటాడు, చేతిలో చెత్త ఉన్నవాడూ అదే అంటాడు.

"వడ్డన అయినవాడి ముందు నీ రాజులు ఎంత?" అని అడిగేది జైరా. "రాజుల్ని చూస్తే పెళ్ళివారొచ్చినట్టు లేచి నిలబడతావు. చేపని ఎంత గట్టిగా పిసికితే అంత జారుతుంది, నా వేళ్ళనడుగు. బట్టలేసుకున్న జతని పడేయడం వచ్చిన రోజున ఆడటం వచ్చినట్టు."

"అప్పుడు నన్ను శుక్రవారం కూర్చోబెడతారా?"

జైరా గింజలు దోసిలితో సంచీలో వేసుకుంటూ, "బల్లకి నాలుగు వైపులే ఉన్నాయి," అంది.

ఆ మాట ఒర్నెల్లా మనసులో ముల్లులా ఉండిపోయింది. అడగడం మానేసింది. గురువారాలు మాత్రం మానలేదు.

ఆఖరి గురువారం కూడా మిగతావాటిలాగే గడిచింది. పంచాక ఒర్నెల్లాకి రాజుల జత వచ్చింది. ఆట తెరిచింది. ఈవో, లెయార్కో ముక్కలు పడేశారు. గ్వెర్రీనో బుసకొడుతూ గింజలు పెట్టాడు. ఒర్నెల్లా మూడు మార్చుకుంది. మూడూ చెత్త.

"వడ్డన అయింది," అంది జైరా, గ్వెర్రీనో గొంతుతో. గుప్పెడు గింజలు ముందుకు తోసింది. బుస ఆగిందో లేదో ఒర్నెల్లాకి అంతుపట్టలేదు. ఆగినట్టూ ఉంది, ఆగనట్టూ ఉంది. రాజులిద్దరి వంకా చూసింది. ఆఠీను రాజు, కళావరు రాజు. ఇద్దరికీ మంచి గడ్డాలు. పొయ్యి వైపు చూడలేదు. లేవలేదు. ముక్కలు అయిదూ బోర్లా పెట్టి ముందుకు జరిపేసింది.

"మీ చేతిలో ఏముంది అత్తయ్యా?"

"నా చేతిలో కాదు. గ్వెర్రీనో చేతిలో."

"గ్వెర్రీనో బాబాయ్ చేతిలో ఏముంది మరి?"

"పందెం కట్టి ఉంటే చూసేదానివి." జైరా తన ముక్కల్ని పేకలో కలిపేసింది.

"పడేయడం సరైందేనా? అదైనా చెప్పండి."

"కాఫీ పొంగుతోంది చూడు."

నిజంగానే పొంగుతోంది. ఒర్నెల్లా లేచి వెళ్ళి దించింది. వెనక్కి వచ్చేసరికి అత్తగారు ఇస్త్రీ బల్ల తెరుస్తోంది. ఆ రోజు తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

మర్నాడు శుక్రవారం.

నెల తిరిగాక ముగ్గురూ మళ్ళీ వచ్చారు, గుమ్మంలో టోపీలు పట్టుకుని. ఈసారి బల్ల ఎత్తేద్దామనడానికి కాదు.

"అమ్మాయ్," అన్నాడు ఈవో, "గురువారం గురువారం మమ్మల్ని వెక్కిరిస్తూ నీకు వదిన పేక నేర్పిందట కదా. వాస్కో చెప్పాడు."

"వెక్కిరించలేదు బాబాయ్. ఉన్నది ఉన్నట్టు చూపించింది."

"అయితే ఇంకా ఘోరం," అన్నాడు లెయార్కో. "రా, కూర్చో. ముగ్గురం ఆడితే అది ఆట కాదు, ఆసుపత్రి వరండా."

కిటికీ గట్టు మీద పేక పెట్టినది పెట్టినట్టే ఉంది. రేడియో దుమ్ము తుడుస్తున్నా ఒర్నెల్లా దాన్ని కదపలేదు. ఇప్పుడు తీసి రబ్బరు బ్యాండు విప్పింది. కలిపింది, కోయించింది, పంచింది. అత్తగారి కుర్చీలో కూర్చుంటే పొయ్యి వీపు వెనక పడింది. ఇటు నుంచి చూస్తే మాడేది కనపడదు కూడా. ఆవిడ ఎందుకు ఇక్కడే కూర్చునేదో ఒర్నెల్లాకి ఇప్పుడు తెలిసింది.

"ఇదేంటి!" అన్నాడు లెయార్కో, ముక్కలు ఎత్తి చూసి. "కళావరు ఆరు!"

"నాకూ ఒకటి ఉంది," అన్నాడు ఈవో. "డైమను."

పేకంతా తిప్పి చూశారు. నాలుగు ఆరులూ అందులోనే ఉన్నాయి. అయిదులూ అంతకంటే కిందివీ లేవు.

"పాపం వదిన," అన్నాడు గ్వెర్రీనో మెల్లిగా. "ఆరులు తీయడం మర్చిపోయింది. అప్పటికే ఆవిడ చెయ్యి ఆవిడ మాట వినట్లేదన్నమాట."

నలభై ఏళ్ళుగా ఆ పేక సర్దిన చేతులు అవి. అత్తగారు పోవడానికి ముందు వారం మొక్కజొన్నపిండి ముద్దలో ఉప్పు రెండుసార్లు వేయడం గుర్తొచ్చింది ఒర్నెల్లాకి. అప్పుడు నవ్వేశారు ఇద్దరూ. ఆమె ఆరులు నాలుగూ ఏరి బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఆట మొదలైంది. చాలాసేపు ఏమీ పడలేదు. గింజలు ఇటు కొన్ని, అటు కొన్ని. తర్వాత ఒక చేతికి ఈవో ఆట తెరిచాడు. అంతవరకూ వీధిలో ఎవరి జుట్టు రాలిపోతోందో చెబుతున్నవాడు గప్‌చుప్ అయ్యాడు. గ్వెర్రీనో గింజలు పెట్టాడు. లెయార్కో పడేశాడు. ఒర్నెల్లా చేతిలో ఆసు, రాణి, పది, తొమ్మిది, ఏడు. రంగులూ కలవలేదు. జత కూడా లేదు. ఆమె గింజలు పెట్టింది.

ఈవో మూడు మార్చుకున్నాడు. గ్వెర్రీనో ఒకటి తీసుకుని గబుక్కున తిప్పి చూశాడు.

"నీకెన్ని అమ్మాయ్?"

"వడ్డన అయింది," అంది ఒర్నెల్లా. అని తన ముందున్న గింజల్లో సగం బల్ల మధ్యకి తోసింది.

ముగ్గురూ ఆమె మొహం వంకే చూస్తున్నారు. ఆమె లేవలేదు. ఏప్రాను సర్దుకోలేదు. ఎదురుగా కిటికీలో మంచు చూస్తూ కూర్చుంది. ఈవో నిట్టూర్చి ముక్కలు బోర్లా వేశాడు. గ్వెర్రీనో తన రెండు జతల వంక, ఆమె వంక, మళ్ళీ జతల వంక చూసుకుని, తిట్టుకుంటూ పడేశాడు.

"ఏముంది నీ చేతిలో? చెప్పు, రాత్రికి నిద్ర పట్టదు నాకు."

"పందెం కట్టి ఉంటే చూసేవారు బాబాయ్." ఆమె ముక్కల్ని పేకలో కలిపేసింది.

ముందు లెయార్కో నవ్వడం మొదలుపెట్టాడు, కడుపు పట్టుకుని. ఈవో నవ్వుతూనే జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "వదినే!" అన్నాడు. "అచ్చం వదినే! దేవుడా, ఆవిడ ఒక్కతి చాలదనా!"

"బానే ఆడుతోంది," అని ఒప్పుకున్నాడు గ్వెర్రీనో, ఓడిన కోపం ఇంకా తీరక. "మరి ఇంత బాగా ఆడేదాన్ని వదిన బతికుండగా ఎందుకు కూర్చోబెట్టలేదో?"

"కుర్చీ ఖాళీ ఉంటేగా," అన్నాడు లెయార్కో.

ఒర్నెల్లా వైను పోయడానికి లేచింది. లేచాక గుర్తొచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎవరి గ్లాసు వాళ్ళే పోసుకోవాలి.

ఆ శీతాకాలం బాగానే గడిచింది. ఒర్నెల్లా కొన్ని వారాలు గెలిచింది, కొన్ని వారాలు వైను కొంది. సందులో అవతలి పిల్ల అనడం ఎప్పుడు మానేశారో ఎవరూ గమనించలేదు. ఈవో మంగలి కొట్లో ఆమెని "మా నాలుగో చెయ్యి" అని పరిచయం చేసేవాడు. శుక్రవారం పొద్దున పేక ఆమే సర్దేది, ఏడు నుంచి. సంతోషంగానే ఉండేది. సర్దుతున్నప్పుడు మాత్రం ఒక్కోసారి చెయ్యి ఆగేది. ఆడటం వచ్చిందని అత్తగారి నోటి నుంచి ఒక్క మాట వినలేదు కదా అనుకునేది. మనిషి పోతే చోటు ఖాళీ అయింది, ఖాళీ అయింది కాబట్టి తను కూర్చుంది. అంతకు మించి ఏముంది?

మార్చిలో మంచు విడిచింది. రొట్టెల కొట్టు ఇర్మా తిరిగొచ్చింది. జైరా పోయిన మర్నాడే ఇర్మా తన చిన్న కూతురి పురిటికని రవెన్నా వెళ్ళిపోయింది. కవల పిల్లలు పుట్టడంతో అక్కడే చిక్కుకుపోయింది. ఇన్నాళ్ళూ పెద్దల్లుడే కొట్టు చూశాడు. ఒర్నెల్లాని చూడగానే పిండి చేతులతోనే గల్లా దాటి వచ్చి కౌగిలించుకుంది.

"అంత్యక్రియలకి రాలేకపోయానమ్మా. నా మొహం ఎలా చూపించను నీకు?"

"పిల్లలు బాగున్నారా పిన్నీ?"

"జత!" అని నవ్వింది ఇర్మా. "జైరా ఉంటే అడిగేది, బట్టలేసుకున్న జతేనా అని." కళ్ళు ఒత్తుకుని నాలుగు రొట్టెలు కాగితంలో చుడుతూ అంది, "ఆ శుక్రవారం రొట్టెలు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో సాయంత్రం గానీ నాకు తెలీలేదు. అయిదూ అలాగే ఉండిపోయాయి గల్లా మీద."

"నాలుగు," అంది ఒర్నెల్లా.

"ఎప్పుడూ నాలుగే. ఆ రోజు అయిదు చెప్పింది. 'చుట్టాలొస్తున్నారా జైరా?' అన్నాను. 'చుట్టాలు కాదే, కొత్త చెయ్యి ఒకటి కూర్చుంటోంది. ఇన్నాళ్ళూ ఇంట్లో రొట్టె తింది,' అంది." ఇర్మా పొట్లం మీద దారం చుట్టి ముడి వేసింది. "అంత మంచులో తనే వచ్చి చెప్పి వెళ్ళింది. ఎవరో ఆ మనిషి, పాపం, తినకుండానే పోయారు."

ఒర్నెల్లా పొట్లం తీసుకుని బయటికి వచ్చింది. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. కాలవ వంతెన మెట్లు ఎక్కుతూ సగంలో ఆగింది. పదకొండులో అయిదుగురు పోతే ఆరు.